ఆకారముల కూడిక, తీసివేత

గుంటూరు, ప్రకాశము సీమలలోని మైదానములు నల్లరేగడి నేలలకు పేరొందినవి. ప్రత్తియు, మిరపయు ఇచ్చటి రైతులకు ముఖ్యమైన వాణిజ్యపు పైరులు. ఎండిన మిరపకాయలను గోతములలో నింపి, మూతి కుట్టి, టిక్కీలుగా గుంటూరు మిర్చి యార్డునకు చేర్చుదురు. ప్రత్తిని జిన్నింగు మిల్లులలో గింజలనుండి వేఱుచేసి, దూదిని బేళ్ళుగా బిగింతురు. ఇన్ని టిక్కీల నడుమ, ఇన్ని బేళ్ళ నడుమ ఒకరి సరకు మఱొకరి సరకుతో కలసిపోకుండుటకు దానిపై పేరో, గుర్తో వేయుట ఆచారము. ఇందులకు చిరకాలముగ వాడుకలో నున్న సాధనము అక్షరములు కోసిన రేకు. రేకును గోతముపై పఱచి, రంగులో ముంచిన కుంచెతో అద్దినచో, కోసినచోట మాత్రమే రంగు దిగి, పేరు స్పష్టముగ తేలును.

చూచుటకు ఇది మిక్కిలి సులభమైన పని. కాని “గుంటూరు” అను పేరును రేకులో కోయబూనిన పనివానికి వెంటనే ఒక చిక్కు ఎదురగును. సున్న యొక వలయము. ఆ వలయమును చుట్టును కోసినంతనే లోపలి బిళ్ళ ఊడి క్రింద పడును. అట్టి రేకుతో రంగు అద్దినచో సున్నకు బదులు నిండు చుక్క పడును. “రు” అను అక్షరములోని గుండ్రని కడుపునకును ఇదే గతి పట్టును. “పాఠము” అను మాటను కోసినచో చిక్కు మఱింత పెద్దదగును. “ర” అను అక్షరమునకును, “ఠ” అను అక్షరమునకును వలయ మొక్కటే, తలకట్టు ఒక్కటే. వానికి గల భేదము నడిమి చుక్క మాత్రమే. లోపలి బిళ్ళ ఊడిపోయినచో రెండక్షరములును ఒకే తీరున కనబడును. అందువలన నేర్పరియైన పనివాడు వలయమును పూర్తిగ కోయడు. రెండు మూడు తావుల సన్నని పట్టీలను వంతెనలవలె విడిచిపెట్టును. ఆ పట్టీలు లోపలి బిళ్ళను జాఱిపోకుండ పట్టి యుంచును.

దీనివలన ఒక సత్యము తెలియుచున్నది. అక్షరమన్నను, బొమ్మయన్నను కేవలము గీత కాదు. ఎచ్చట రంగు ఉండవలెనో, ఎచ్చట ఉండకూడదో తెలుపు ఏర్పాటే ఆకారము. నిండిన చోటు ఎంత ముఖ్యమో, ఖాళీ చోటును అంతే ముఖ్యము.

ఈ కాలమున దుకాణముల పేరుపలకలు, మిరపపొడి పొట్లములపై బొమ్మలు, విత్తనపు సంచులపై గుర్తులు, పుస్తకములలోని అక్షరములు అన్నియు కంప్యూటరు తెఱమీదనే రూపొందుచున్నవి. కంప్యూటరులో బొమ్మలను దాచు పద్ధతులు ముఖ్యముగ రెండు. మొదటి పద్ధతిలో బొమ్మ యనగా రంగు చుక్కల వరుసలు. గుడ్డలోని పోగులను దగ్గఱగా చూచినచో గళ్ళు కనబడునట్లు, అట్టి బొమ్మను పెద్దదిగ చేసినచో అంచులు మెట్లు మెట్లుగ కనబడును. రెండవ పద్ధతిలో చుక్కలను గాక అంచుల లెక్కను దాచుదురు. ఏ బిందువు వద్ద గీత మొదలగునో, ఎటు వంగునో, ఎచ్చట ముగియునో కంప్యూటరు గుర్తుంచుకొనును. దీనినే వెక్టారు చిత్రము అందురు. దీనిని తపాలా బిళ్ళయంత చిన్నదిగ నైనను, మేడగోడయంత పెద్దదిగ నైనను చేయవచ్చును. అంచు చెడదు. ఒక వృత్తమును సాధారణముగ నాలుగు వంపుగీతలుగా విభజించి దాచుదురు. ఇది గణితము చెప్పు అసలైన వృత్తము కాకున్నను, రెంటికి గల తేడా వ్యాసార్ధములో వేయింట ఒక వంతుకన్న తక్కువ. కంటికి అది కనబడదు.

పొలమునకు గట్టు ఎట్టిదో, వెక్టారు చిత్రములో ఆకారమునకు అంచుగీత అట్టిది. గట్టు పొలము కాదు. గట్టు లోపలనున్న నేలయే పొలము. రెండు పొలముల పటములను ఒకదానిపై నొకటి పఱచినపుడు కొంత నేల రెంటికిని చెందినట్లు కనబడవచ్చును. ఆ ఉమ్మడి నేలను ఏమి చేయవలెను? ఆకారములను కలుపు విద్య యంతయు ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము.

ఆ సమాధానములు ముఖ్యముగ నాలుగు. వీనిని గ్రహించుటకు కాగితముపై 4 సెంటీమీటరుల భుజము గల రెండు చతురస్రములను గీయవలెను. ఒకదాని మూల మఱొకదానిలోనికి 2 సెంటీమీటరుల పొడవున, 2 సెంటీమీటరుల వెడల్పున చొచ్చుకొని యుండవలెను. ఒక్కొక్క చతురస్రపు వైశాల్యము 16 చదరపు సెంటీమీటరులు. ఉమ్మడి భాగపు వైశాల్యము 4 చదరపు సెంటీమీటరులు.

మొదటిది కూడిక. రెంటిలో ఏ ఒక్కదానికి చెందిన చోటైనను నిలుపుట. దీనిని గణితమున సమ్మేళన మందురు. ఫలితపు వైశాల్యము 32 కాదు, 28. ఉమ్మడి భాగమును రెండుమాఱులు లెక్కింపరాదు గదా! రెండవది తీసివేత. మొదటి చతురస్రమునుండి రెండవది ఆక్రమించిన చోటును తొలగించుట. అపుడు 12 చదరపు సెంటీమీటరులు మిగులును. మూడవది ఛేదనము. రెంటికిని చెందిన ఉమ్మడి చోటును మాత్రమే నిలుపుట. అది 4 చదరపు సెంటీమీటరులు. నాలుగవది ఉమ్మడి చోటును మాత్రము వదలి, తక్కిన దానినంతయు నిలుపుట. దీనిని సౌష్ఠవ భేద మందురు. అది 24 చదరపు సెంటీమీటరులు.

ఈ నాలుగు క్రియలతో ఎంతటి బొమ్మలు గీయవచ్చునో ఈ సీమలోని వస్తువులే చూపగలవు. పగిలిన ప్రత్తికాయను గీయవలెనన్న నాలుగైదు వృత్తములను ఒకదాని నొకటి ఆనుకొని కొంత కలియునట్లు ఉంచి, కూడిక చేసిన చాలును. లోపలి గీతలన్నియు మాయమై ఉబ్బిన దూది ఆకారము ఒక్కటియే మిగులును. మిరపకాయను గీయవలెనన్న ఒక వృత్తమునుండి మఱొక వృత్తమును తీసివేయవలెను. అపుడు నెలవంకవలె వంగి, కొనదేఱిన సన్నని రూపము మిగులును. దాని ఒక కొనకు తొడిమను కూడినచో మిరపకాయ సిద్ధమగును. అమరావతి స్తూపపు ప్రాకార స్తంభములపై శిల్పులు చెక్కిన పద్మములు జగత్ప్రసిద్ధములు. అట్టి పద్మపు రేకును పోలిన రూపము రెండు వృత్తముల ఛేదనమున లభించును. వృత్తలేఖినితో ఆఱు రేకుల పువ్వును గీసిన విద్యార్థులందఱును తెలియకయే ఈ ఛేదనమును చేసియున్నారు.

ఈ పనిని కంప్యూటరు ఎట్లు చేయుచున్నది? ఒకదానిపై నొకటి కొంత ఎక్కియున్న రెండు వృత్తములను తలంచుకొనిన ఈ విషయము తెలియును. ఆ రెండు అంచులు రెండు బిందువుల వద్ద ఖండించుకొనును. కంప్యూటరు ముందుగ ఆ బిందువులను లెక్కగట్టి కనుగొనును. పిదప అంచులను ఆ బిందువుల వద్ద తెంచును. అపుడు నాలుగు చాపములు ఏర్పడును. అందు రెండు ఎదుటి వృత్తమునకు వెలుపల నుండును, రెండు లోపల నుండును. వెలుపలి చాపములు రెంటిని జోడించినచో కూడిక యగును. లోపలి చాపములు రెంటిని జోడించినచో ఛేదన మగును. మొదటి వృత్తపు వెలుపలి చాపమును, రెండవ వృత్తపు లోపలి చాపమును జోడించినచో తీసివేత యగును. తెంచుట, లోపలనో వెలుపలనో నిర్ణయించుట, తగినవానిని మరల జోడించుట, ఈ మూడే యందలి మెట్లు. ఎంత చిక్కైన బొమ్మకైనను యంత్రము చేయునది ఇదియే.

ఈ విద్యకు మూలమైన భావములు కంప్యూటరుకన్న ముందే పుట్టినవి. ఆంగ్లేయ గణితవేత్త జార్జి బూలు 1854వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున తర్కమును బీజగణితమువలె నడుపవచ్చునని చూపెను. 1880లో జాన్ వెన్ అను పండితుడు అట్టి సంబంధములను వృత్తములతో గీసి చూపెను. పాఠశాలలో సమితులను నేర్చువారు ఆ చిత్రములనే గీయుచున్నారు. వంపుగీతల లెక్క కార్ల కర్మాగారములలో రూపుదిద్దుకొనినది. 1959 ప్రాంతమున ఫ్రాన్సులోని సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో, 1960ల దశకమున రెనో సంస్థలో పియేర్ బెజియే, కార్ల పైతొడుగుల వంపులను అంకెలతో తెలుపు మార్గమును కనుగొనిరి. నేటికిని ఆ గీతలకు బెజియే గీతలని పేరు. 1987లో ఇలస్ట్రేటరు, 1989లో కోరెల్‌డ్రా అను చిత్రలేఖన సాఫ్ట్‌వేరులు వెలువడినవి. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ అను సాఫ్ట్‌వేరును ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చును.

తెలుగువారికి ఈ విద్యతో గల సంబంధము మఱింత గాఢమైనది. తెలుగు లిపి స్వభావమే ఆకారములను కలుపుట. “ర” అను అక్షరపు తలకట్టును తీసివేసి గుడిని కూడిన “రి” యగును. తలకట్టును నిలిపి కొమ్మును కూడిన “రు” యగును. అక్షరము క్రింద వత్తు చేరిన మఱొక రూపము పుట్టును. ఈ కూర్పు ఈ సీమకు క్రొత్తది కాదు. గుంటూరు మండలమున నుండి, 2022వ సంవత్సరపు విభజనతో బాపట్ల జిల్లాలో చేరిన భట్టిప్రోలు గ్రామమున 1892లో అలెగ్జాండరు రీ అను పురావస్తు పరిశోధకుడు ప్రాచీన ధాతుకరండములను కనుగొనెను. వానిపై శాసనములను బ్యూలరు పండితుడు చదివెను. క్రీస్తునకు పూర్వపు శతాబ్దములకు చెందిన ఆ లిపిలో ఒక విశేషము కలదు. అశోకుని బ్రాహ్మిలో హల్లునకు హ్రస్వమైన అకారము సహజముగ నుండును, వేఱు గుర్తు లేదు. భట్టిప్రోలు లిపిలోనన్ననో అకారమునకు సయితము హల్లు ప్రక్క చిన్న అడ్డగీతను చేర్చిరి. ఆకారమును చేర్చిననే ధ్వని నిండునన్న భావము ఈ నేలమీద అంత పురాతనమైనది.

కంప్యూటరులో తెలుగు అక్షరములకు యూనికోడు పట్టికలో 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. అందులో “ర” యొక సంఖ్య, కొమ్ము మఱొక సంఖ్య. ఆ సంఖ్యలనుబట్టి తగిన రూపమును తెఱపై నిలుపునది ఖతి. పెద్దన, తిమ్మన, గిడుగు అను పేర్లతో నేడు ఉచితముగ లభించు తెలుగు ఖతులు కలవు. ఖతిలోని ప్రతి అక్షరమును అంచుగీతలతో గీసిన వెక్టారు చిత్రమే. “ర” లోని వలయమునకు వెలుపలి అంచొకటి, లోపలి అంచొకటి. ఈ రెంటి నడుమ మాత్రమే నలుపు నిండవలెనని యంత్రమునకు తెలియుట యెట్లు?

ఇందులకు ఒక సులభ సూత్రము కలదు. ఏ బిందువునుగూర్చి సందేహమో, ఆ బిందువునుండి వెలుపలికి ఒక తిన్నని గీతను గీయవలెను. అది దాటిన అంచుల సంఖ్య బేసియైనచో ఆ చోటు నిండును. సరియైనచో ఖాళీగ నుండును. “ఠ” అక్షరమున దీనిని పరీక్షింపవచ్చును. వలయపు మందములోని బిందువునుండి వెలుపలికి పోవు గీత వెలుపలి అంచు నొక్కదానినే దాటును. ఒకటి బేసి, కావున నలుపు. వలయపు కడుపులోని బిందువునుండి పోవు గీత రెండంచులను దాటును. రెండు సరి, కావున ఖాళీ. నడిమి చుక్కలోని బిందువునుండి పోవు గీత చుక్క అంచును, లోపలి అంచును, వెలుపలి అంచును దాటును. మూడు బేసి, కావున మరల నలుపు.

ఈ సూత్రము మేలు చేయునట్లే, అజాగ్రత్తగ వాడినవారికి కీడును చేయును. ఒక చిత్రకారుడు తలకట్టును, వలయమును వేఱువేఱుగ గీసి, ఒకదానిపై నొకటి కొంత ఎక్కునట్లు ఉంచి, కూడిక చేయకయే ఒకే వస్తువుగా కట్టినచో ఏమగును? రెండును కలిసిన చోట అంచుల సంఖ్య రెండగును. సరిసంఖ్య గనుక అచ్చట తెల్లని మచ్చ పడును. కోరెల్‌డ్రాలో కంబైన్ అను ఆజ్ఞకును, వెల్డ్ అను ఆజ్ఞకును గల భేదము ఇదియే. మొదటిది కలిసిన చోటును ఖాళీ చేయును. రెండవది అతికి ఏకము చేయును. పేరుపలకలకు రంగు కాగితమును కోయు యంత్రము మఱింత నిర్దయమైనది. అది నలుపును, తెలుపును చూడదు. గీత కనబడిన చోటనెల్ల కత్తి నడపును. అతుకని అక్షరమును దానికిచ్చినచో తలకట్టు ఒక ముక్కగా, వలయ మొక ముక్కగా, నడుమ సన్నని పేలిక ఒకటిగా ఊడివచ్చును. సరకు వ్యర్థమగును, శ్రమ వ్యర్థమగును.

ఇంతకన్న సూక్ష్మమైన విషయ మింకొకటి కలదు. అంకెల లెక్కలో పదినుండి నాలుగు తీసి ఒకటి కలిపినను, పదికి ఒకటి కలిపి నాలుగు తీసినను ఏడే వచ్చును. ఆకారముల లెక్కలో అట్లు కాదు. “ఠ” ను నిర్మింపవలెనన్న మొదట పెద్ద వృత్తమునుండి చిన్న వృత్తమును తీసివేసి వలయమును చేయవలెను. పిదప నడుమ చుక్కను కూడవలెను. వరుస తప్పి చుక్కను ముందుగ కూడినచో అది నిండు వృత్తములో లీనమై పోవును. పెద్ద వృత్తమునకు కొంచెమైనను మార్పు రాదు. ఆ పిమ్మట చిన్న వృత్తమును తీసివేసినపుడు చుక్కయు దానితోడనే పోవును. తలకట్టును చేర్చి చూచినచో తెఱపై నున్నది “ఠ” కాదు, “ర”! అట్టి అక్షరముతో పలక వ్రాయించిన “పాఠశాల” కాస్త “పారశాల” యగును. క్రియలన్నియు సరియైనవే, సంఖ్యయు సరియైనదే. వరుస ఒక్కటియే తప్పినది. అయినను అర్థము మాఱినది.

రేకు కోయు పనివాని వంతెనలను సయితము ఈ లెక్కతో చెప్పవచ్చును. అక్షరపు ఆకారమునుండి సన్నని దీర్ఘచతురస్రములను తీసివేసినచో వలయము రెండు మూడు తావుల తెగి, కోయు యంత్రము అచ్చట రేకును విడిచిపెట్టును. కంప్యూటరు నెఱుగని పనివాడు తన కంటితో, చేతితో చేసినది ఈ తీసివేతయే.

ఆకారములను కలుపువారు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. కూడిక చేసిన పిదప లోపలి గీతలు నశించును. ఫలితమును దాచి, సాఫ్ట్‌వేరును మూసివేసి, మఱునాడు తెఱచినచో పాత ముక్కలు తిరిగిరావు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని లాభములేదు. కావున విడివిడి ఆకారముల ప్రతిని ముందుగనే వేఱుగ దాచుకొనవలెను. కోతకు పంపుటకు ముందు రంగులను తొలగించి అంచుగీతలను మాత్రమే తెఱపై చూడవలెను. నిండు రంగు మఱుగుపఱచిన అనవసరపు గీతలు అపుడు బయటపడును. చివరకు ప్రతి అక్షరమును పెద్దదిగ చేసి, సున్నల కడుపులు తెఱచియున్నవో లేవో, “ఠ”, “థ” వంటి అక్షరములలో చుక్కలు నిలిచినవో లేవో సరిచూచుకొనవలెను.

వీనిని నేర్చుటకు కంప్యూటరు లేకున్నను కొఱతలేదు. రెండు రంగుల కాగితములు, ఒక వృత్తలేఖిని, ఒక కత్తెర చాలును. వృత్తములను కత్తిరించి ఒకదానిపై నొకటి పఱచి, ఏ భాగము ఎవరికి చెందునో గుర్తించి, నాలుగు క్రియలను చేతితో చేసి చూడవచ్చును. అటుపిమ్మట తమ ఊరి పేరును అట్టముక్కపై వ్రాసి, లోపలి బిళ్ళలు ఊడకుండ కోయుటకు ప్రయత్నింపవచ్చును. “ఒంగోలు” అని కోసిన విద్యార్థి సున్న దగ్గఱ తప్పక ఆగి ఆలోచించును. ఎచ్చట వంతెన నిలుపవలెనో ఆ చోటుననే అతనికి ఈ విద్య పట్టుబడును.